ఆపితే లేవాలి

ఉతికిన బట్టలు మడతపెడుతుంటే అన్నయ్య ఫోన్ చేశాడు. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. పేపర్లో ఆమె ఫొటో కింద వేయించే మాటలు చదువుతానని, డిగ్రీ చదివినదానివి కాబట్టి తప్పులుంటే దిద్దమని అన్నాడు. మొదటి మాటే "అలుపెరగని తల్లి".

చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది.

మా ఇంట్లో అమ్మ కూర్చుంటే అందరికీ కంగారు. "ఏం, ఒంట్లో బాగాలేదా?" అని నాన్న గుమ్మంలోంచే అడిగేవారు. బాగానే ఉందంటూ లేచేది. మళ్లీ కూర్చోవాలంటే జ్వరమైనా రావాలి. మమ్మల్ని పెంచింది, అన్నయ్య పిల్లల్ని పెంచింది, నా పురిటికి వచ్చి నా కూతుర్ని భుజాన వేసుకునే వంట చేసింది. "మా అమ్మకి కూర్చోవడం రాదు" అని అన్నయ్య వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు. ఆమె అందించిన టీ తాగుతూ వాళ్లూ నవ్వేవారు.

వెనక గదిలో కుట్టుమిషన్ ముందు మాత్రం కూర్చునేది. అందరి భోజనాలూ అయ్యాక ఆ చప్పుడు మొదలయ్యేది. చప్పుడు వినిపిస్తున్నంతసేపూ పని జరుగుతున్నట్టే కనక ఎవరూ పిలిచేవారు కాదు.

"మధ్యాహ్నం పూట కూడా ఆ మిషన్ ఆగేది కాదు, గుర్తుందా? అదీ రాశాను" అన్నాడు అన్నయ్య.

గుర్తుంది. ఓ వేసవిలో నా కూతురు బొమ్మకి గౌను కుట్టించుకుందామని ఆ గదిలోకి పరిగెత్తింది. వెనకే నేను. అమ్మ గోడకి తల ఆనించి, కళ్లు మూసుకుని, కాళ్లతో మాత్రం తొక్కుతోంది.

"అమ్మమ్మా, సూదిలో దారం లేదు."

అమ్మ కళ్లు తెరిచి మా ఇద్దర్నీ చూసింది. కాళ్లు ఆగలేదు.

"గట్టిగా అనకే తల్లీ. ఆపితే లేవాలి."

సాయంత్రానికి బొమ్మకి గౌను తయారైంది, జేబుతో సహా.

"అన్నయ్యా, అమ్మకి అలుపొచ్చేది. ఆ మాట తప్పు, తీసెయ్" అన్నాను.

పొగిడితే తప్పేంటన్నాడు. దారం సంగతి చెప్పాను. ఏదో సరదాకి తొక్కి ఉంటుందిలే అన్నాడు. పోనీ ఏం రాయమంటావన్నాడు.

"అలసిపోయినా కూర్చునే వీల్లేని ఇంట్లో బతికిందని రాయి."

"పేపర్లో వేసే మాటలేనా అవి?"

"వాటిని వెయ్యకపోతే కింద నా పేరూ వెయ్యకు."

ఆలోచిస్తానని పెట్టేశాడు. నేను ఆలోచించాల్సిందేమీ లేదు.

హాల్లోంచి మా ఆయన, మాటలైపోతే కాస్త టీ పెట్టమన్నారు. చొక్కాని మడతపెట్టకుండానే కుప్ప మీద పడేశాను. హాల్లోకి వెళ్లి, ఆయన ఎదురుగా ఉన్న కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. పుస్తకంలోంచి మా అమ్మాయి తలెత్తింది.

"ఏం, ఒంట్లో బాగాలేదా?" అన్నారాయన.

"బాగానే ఉంది. అలసిపోయాను."

లేవలేదు.