వేడి పోయే దారి

మోచెయ్యి బల్లకి ఆనించి, కుడిచేతి వెనకవైపు యాంప్లిఫయరుకి వేడి పోయేందుకుండే లోహపు రెక్కల మీద పెట్టి, మేస్త్రి లెక్కపెడుతున్నాడు. అది గంట నుంచీ పాడుతోంది. పది దాకా చెయ్యి ఉంచగలిగితే సరుకు మంచిదని లెక్క. ఇరవై దాటితే కళ్లు మూసుకుని బోటులో బిగించేయొచ్చు. అయిదు లోపే చెయ్యి లాక్కోవలసి వస్తే దాని మీద అట్లు పోసుకోవాల్సిందే. వేడి కొలిచే మీటరు షాపులో లేక కాదు, అది సొరుగులో హాయిగా నిద్రపోతోంది. ముప్ఫయ్యేళ్లు వైర్లు అతికించీ అతికించీ అరచెయ్యి మొద్దుబారిపోయింది కాబట్టి చేతి వెనకవైపునే నమ్ముకున్నాడు.

"ఇంతకంటే పెద్దది లేదా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న బోటాయన. "పక్క బోటులో వెయ్యి వాట్లు పెట్టించాడు."

"పక్కవాడు ఏనుగుని కొన్నాడని మనమూ కొంటే మేపేదెవరు? ముందు నీ బ్యాటరీ ఎంతో చూసుకో. తర్వాత వేడి ఎటు పోతుందో చూసుకో. వాట్ల సంగతి ఆఖర్న."

"ఒకప్పుడు నువ్వేగా అందరికీ పెద్దవి అంటగట్టావు?"

మేస్త్రి వినపడనట్టు చెయ్యి ఇంకో రెక్క మీదికి జరిపాడు. వినపడకపోయి ఉండొచ్చు కూడా. రేవులోని బోట్లన్నిటికీ గొంతు పెట్టిన మనిషికి ఎడమ చెవి పనిచెయ్యక చాలా కాలమైంది. పొడుగ్గా ఉంటాడు. బోట్ల అరల్లో దూరి దూరి నడుము ముందుకి వంగిపోయింది. కళ్లద్దాలకి ఒకవైపు కాడ విరిగితే అక్కడ వైరు ముక్క చుట్టాడు. అందరూ సౌండు మేస్త్రి అంటారు. అసలు పేరు గుర్తున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు.

ఫోను మోగింది. తెర మీద 'బావ' అని పడింది. ఆ రెండక్షరాలు మూడేళ్లుగా ఆ తెర మీదికి రాలేదు.

"బోటులో పాట పెట్టాలి. ఇవాళే కావాలి. వీలవుతుందా?" అంది అవతలి గొంతు.

"వస్తున్నా బావా," అంటూ మేస్త్రి అప్పటికే లేచి నిలబడ్డాడు. తేల్చుకోలేక కూర్చున్న బోటాయనని రేపు రమ్మన్నాడు. పరీక్షిస్తున్న చిన్న యాంప్లిఫయరునే ఊడదీసి సంచీలో పెట్టుకున్నాడు. ఇవాళ ఆ ఒక్క మాటా అనెయ్యాలి, క్షమించు బావా అనాలి, అనకుండా రేవు దిగి రాకూడదు అనుకున్నాడు.

నాలుగేళ్ల కిందట అక్కకి జబ్బు చేసి కాస్త తేరుకున్నాక, సాయంత్రాలు నీళ్ల మీద తిప్పమని డాక్టరు చెప్పాడు. బావ బోటుకి పాట కావాల్సి వచ్చింది. "ఇద్దరమే కదరా, చిన్నది చాలు," అన్నాడు బావ. "మా అక్క వినే పాటకి చిన్నదా?" అని మేస్త్రి షాపులో ఉన్నవాటిలోకెల్లా పెద్దది పట్టుకెళ్లాడు. తిన్న కరెంటులో సగం పాటకీ సగం వేడికీ ఖర్చుపెట్టే పాతకాలం రకం అది. బోటులో ఏ వస్తువుకైనా ఇద్దరు శత్రువులు. ఉప్పునీళ్లకి భయపడి మూసిపెడితే వేడికి చస్తుంది, వేడికి భయపడి తెరిచిపెడితే ఉప్పుకి చస్తుంది. మేస్త్రి నీళ్లకి భయపడ్డాడు. సీటు కింద చెక్కపెట్టె కట్టి అందులో బిగించాడు. ఒక చిన్న ఫ్యాను పెట్టి, ఎదురు బల్ల వైపు తిరిగి ఉండేట్టు పెట్టె ముందు పలకకి ఒక జాలీ వేశాడు. వేడి పోవడానికి ఆ జాలీ తప్ప దారి లేదు. షాపులో రెండు గంటలు ఆగకుండా పాడింది.

అక్క అరవయ్యో పుట్టినరోజుకి చుట్టాలందరూ బోటెక్కారు. మేస్త్రి బోటు ముందుభాగంలో నిలబడి తన పనితనం తనే విని మురిసిపోతున్నాడు. సరిగ్గా అరగంటకి పాట ఠక్కున ఆగిపోయింది. వేడెక్కితే తనంతట తనే ఆగే ఏర్పాటు ఉంటుంది దానికి. ఎర్ర దీపం వెలిగింది. "మేస్త్రిగారి పాటకి టీ టైమయిందేమో," అన్నాడు ఒక పెదనాన్న. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ అక్క నవ్వింది. మేస్త్రికి తలకొట్టేసినట్టయింది. రేపొచ్చి మారుస్తానంటే, "ఏం వద్దు, అలాగే ఉండనీ. ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది అక్క. జాలిపడిందనుకున్నాడు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం పాట అరగంటకే ఆగిపోతోందని రేవులో చెప్పుకున్నారు. కొత్తది తీసుకునే వెళ్లాలనుకున్నాడు. కొత్తది రావడం ఆలస్యమైంది. ఈలోగా అక్కకి మళ్లీ జబ్బు తిరగబెట్టింది. ఉత్తచేతులతో ఏ మొహం పెట్టుకుని వెళ్లడమని పది రోజులు, పని ఒత్తిడని ఇంకో పది రోజులు గడిపేశాడు. వెళ్లేసరికి ఆవిడ లేదు. ఆ మర్నాటి నుంచీ కొనేవాళ్లందరికీ చిన్నదే తీసుకోమని చెప్పసాగాడు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నారు," అంది భార్య. నిజమే కాబట్టి కోపం తెచ్చుకోలేకపోయాడు.

బావ రేవులోనే ఎదురొచ్చాడు. చిక్కిపోయాడు, చొక్కా వేరేవాళ్లది వేసుకున్నట్టుంది. "వచ్చావా," అన్నాడు. మేస్త్రి కూడా "వచ్చాను," అన్నాడు. మూడేళ్ల తర్వాత ఇద్దరికీ దొరికిన మాటలు అంతే.

మేస్త్రి ముందు పాత పెట్టె పట్టాడు. దాని మొహం చూడాలనిపించక వెనకనుంచే స్క్రూలు విప్పి, వైర్లు కోసి, ఈడ్చుకెళ్లి రేవు గట్టు మీద బోర్లా పడేశాడు.

"కొత్తది కూడా ఆ సీటు కిందేనా?" అన్నాడు బావ.

"అక్కడొద్దు."

స్టీరింగు పక్క గోడ ఎంచుకున్నాడు. ఇంజను వేడి తగలదు, నీళ్ల తుంపర అంత ఎత్తుకి రాదు. యాంప్లిఫయరు రెక్కలు నిలువుగా ఉండేట్టు పట్టుకుని పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. వేడి ఎప్పుడూ పైకే పోతుంది. రెక్కలు నిలబెడితే వాటి మధ్య నుంచి ఎక్కిపోతుంది, పడుకోబెడితే అక్కడే కూర్చుంటుంది. గోడకీ దానికీ మధ్య బొటనవేలు పట్టేంత సందు ఉంచి బిగించాడు. పైన చూరులా చిన్న రేకు వంచి పెట్టాడు. కింద ఏమీ మూయలేదు. బావ ఒక్కో స్క్రూ అందిస్తూ నిలబడ్డాడు. మేస్త్రి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లూ ఇంకో స్క్రూ అడిగాడు.

మూడు గంటలకి బోటు తీశారు. పాట పెట్టారు. పెద్ద గొంతు కాదు, కానీ మాట మాటా తెలుస్తోంది. ఎండ నీళ్ల మీద పడి కళ్లలో గుచ్చుకుంటోంది. అరగంట కావస్తుంటే ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు గోడవైపే చూడసాగారు. అరగంట దాటింది, ముప్పావు దాటింది, పాట ఆగలేదు. మేస్త్రి చేతి వెనకవైపు రెక్కల మీద పెట్టి నలభై దాకా లెక్కపెట్టాడు. గర్వంగా అనిపించింది, వెంటనే సిగ్గేసింది. ఇంత తేలికైన పని అప్పుడెందుకు చెయ్యలేదు?

"బాగుంది," అన్నాడు బావ. "ఆయనకి నచ్చుతుంది."

"ఎవరికి?"

"బోటు కొన్నాయనకి. రేపొస్తాడు. పాట ఆగకుండా పాడాలన్నాడు. ఒక్కణ్ణీ ఉండలేక మా తమ్ముడి దగ్గరికి పోతున్నాన్రా. అయిదింటికి బస్సు."

ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు. "బావా, క్షమించు," అన్నాడు మేస్త్రి. గొంతు అవసరమైనదానికంటే గట్టిగా వచ్చింది. "గొప్పకి పోయి అంత పెద్దది పెట్టాను. దాన్ని పెట్టెలో కుక్కాను. అక్క చివరి రోజుల్లో ఒక్క సాయంత్రమైనా పాట పూర్తిగా వినకుండా చేశాను."

బావ ఇంజను ఆపేశాడు. అతని వైపు వింతగా చూశాడు.

"ఇన్నాళ్లూ నువ్వనుకుంటున్నది ఇదా?"

"మరి?"

"నీ పెట్టె తప్పేం లేదురా. మీ అక్క కాళ్లు ఎప్పుడూ మంచులా ఉండేవి. ఎంత నూనె రాసినా, ఎంత కప్పినా అంతే. నీ జాలీలోంచి వెచ్చటి గాలి వస్తుంటే ఎదురుబల్ల మీద కూర్చుని రెండు పాదాలూ దానికి ఆనించేసేది. గాలి పోయే దారి మూసేస్తే పాట ఆగదూ మరి? పుట్టినరోజు నాడూ అంతే. చీర కుచ్చెళ్ల కింద ఎవరికీ కనపడలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పనిస్తేనా! 'వాడికి తెలిస్తే రేపొద్దున్నే వచ్చి బాగుచేసేస్తాడు, నా కుంపటి పోతుంది' అంది. పాట పోతే పోయిందిలే, వేడి ఉండనీ అనేది. పాట ఆగాక ఇంకో అరగంట వెచ్చగా ఉండేది ఆ పెట్టె."

మేస్త్రికి నవ్వొచ్చింది. సగం నవ్వుతుండగానే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నీకు నా మీద కోపమనుకున్నాను," అన్నాడు.

"కోపమే," అన్నాడు బావ నెమ్మదిగా. "ఆ పెట్టె మీద కాదు. చివరి ఇరవై రోజులూ పొద్దున్నే అడిగేది, తమ్ముడొచ్చాడా అని. కబురు పెడతానంటే ఒప్పుకోలేదు. పనిలో ఉంటాడు, వాడే వస్తాడులే అంది."

నీళ్లు బోటు పక్కకి కొట్టుకుంటున్నాయి. పాట ఇంకా పాడుతూనే ఉంది. మూడేళ్లు నలిగి నలిగి దాచుకున్న క్షమాపణ, చెయ్యని తప్పుకి ఖర్చయిపోయింది. అసలు తప్పుకి మేస్త్రి దగ్గర మాటే లేదు. చెయ్యి చాచి పాట ఆపేశాడు.

రేవుకి చేరాక బావ ఒక సంచీ భుజాన వేసుకున్నాడు. మేస్త్రి తీసుకోబోతే ఇవ్వలేదు. "ఎప్పుడైనా అటొస్తే రా," అన్నాడు. "తప్పకుండా వస్తాను," అన్నాడు మేస్త్రి. అనగానే, ఇలాంటి మాట తను ఇంతకుముందు ఎంత తేలిగ్గా అనేవాడో గుర్తొచ్చింది. బావ అతని భుజం తట్టి గట్టు వెంబడే నడిచి, ఐసు గిడ్డంగి దగ్గర మలుపు తిరిగాడు. కాసేపటికి బస్సు హారను వినపడింది, కుడి చెవికి మాత్రం.

మేస్త్రి పనిముట్లు సర్దుకున్నాడు. ఏదీ పారెయ్యని అలవాటు కొద్దీ, పాత పెట్టెలోని ఫ్యానయినా పనికొస్తుందేమోనని దాని దగ్గరికి వెళ్లాడు. రెండు చేతులా పట్టుకుని వెల్లకిలా తిప్పాడు. ముందు పలక మీద, జాలీకి దిగువన రెండు మడమలు, జాలీకి ఎగువన పది వేళ్లు, చెక్కలోకి ఇంకిపోయిన నూనె మరకలు.