పడేముందు ఆగుడు

మంచిర్యాలలో ఒక చీరల దుకాణం ముందు లింగమూర్తి జోకరు వేషం కట్టడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. అంతకుముందు సర్కస్‌లో ఉండేవాడు. అది మూతపడ్డాక దొరికిన పని ఇది. ఖాళీ పెట్టెల దొంతర తలమీద పెట్టుకుని మెట్లు దిగుతూ కాలు జారతాడు. పడబోయి ఎలాగో నిలదొక్కుకుంటాడు. జనం హమ్మయ్య అనుకున్నాక, అప్పుడు పడతాడు. ఆ నవ్వులతోనే సగం మంది లోపలికి వస్తారని సేటు నమ్మకం.

ఈమధ్య ఎదురు హోటల్ దగ్గర ఒకామె నిలబడుతోంది. భుజాన సంచి, చేతిలో చాయ్. అది చల్లారేదాకా అతణ్నే చూస్తుంది. అందరూ నవ్వినా ఆమె నవ్వదు. పెదాలు మాత్రం ఏదో గొణుగుతుంటాయి.

"ఎవలామె?" అని హోటల్ దశరథాన్ని అడిగాడు.

"మమతారాణి అట. కలెక్టరాఫీసుల పని చేస్తదట. రోజు గట్లనే పడ్తడా, ఎప్పుడన్న మారుస్తడా అని నీ గురించే అడిగింది."

పడ్డాక లేచి, ఓట్లడిగే నాయకుడిలా చేతులు జోడించడం లింగమూర్తికి అలవాటు. నాయకులను వెక్కిరిస్తున్నాడని ఎవరైనా ఫిర్యాదు చేశారా? ఇంటికెళ్లి చెబితే భార్య ఎల్లక్కకు అనుమానం ఇంకో వైపు పోయింది.

"ఊకెనే ఏ ఆడిది చూస్తది? నువ్వే ఏమో చేసి ఉంటవ్" అంది.

మర్నాటి నుంచి నాయకుడి దండం మానేశాడు. పడడం కూడా జాగ్రత్తగా పడసాగాడు. నవ్వులు తగ్గిపోయాయి. "పాణం మంచిగ లేదా?" అని సేటు అడిగేసరికి ఇక ఉండబట్టలేదు. వేషంతోనే రోడ్డు దాటి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఏం మేడం, నా మీద ఏమన్న కంప్లెయింటా?"

ఆమె బెదిరిపోయింది. "అయ్యో, లేదన్నా. నేను కవితలు రాస్త."

"నా మీదనా?"

"మీ మీద కాదు. మా బాపు మీద. రాసింది ఎవలకు తాకుతలేదు. మీరు పడేముందు ఆగుతరు గదా, గా ఆగుడు నేర్చుకుందామని వస్తున్న."

కన్నతండ్రి మీద రాసే కవితకు తన కుప్పిగంతులు ఎందుకు? లింగమూర్తి ఒక్క ముక్క నమ్మలేదు. ఆదివారం గ్రంథాలయంలో చదువుతానని, రమ్మని ఆమె పిలిచింది. వేదిక మీదికి లాగి నలుగురిలో ఆడిస్తుందేమోనని భయం. అయినా తేల్చుకుందామని వెళ్లాడు. ఎల్లక్క వెంటపడి వచ్చింది. ఇద్దరూ తలుపు పక్కనే కూర్చున్నారు.

మమతారాణి లేచింది. బొగ్గుబాయిలో పనికి పోయి పొద్దుపోయినా రాని తండ్రి, ఆయన స్నానానికి నీళ్లు కాగబెట్టిన తల్లి. వింటున్నవాళ్లు తక్కువ, ఫోన్లు చూస్తున్నవాళ్లు ఎక్కువ. ఆమె చదువుతోంది: "తలుపు చప్పుడైంది. బాపు వచ్చిండు. అవ్వ నవ్వింది."

ఆగింది.

లింగమూర్తి వీపు నిటారైంది. ఆ ఆగడం తనది. చుట్టూ చూశాడు. ఫోన్లలోంచి తలలు లేచాయి, ముఖాలు వదులయ్యాయి. మెట్ల మీద తను నిలదొక్కుకున్నప్పుడు జనం ముఖాలు ఇలాగే ఉంటాయి. పడేయకు పిల్లా, అనుకున్నాడు.

"చప్పుడైంది పక్కింటి తలుపు."

ఎల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు వరుసలో ఎవరో ముక్కు చీదారు. లింగమూర్తికి ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. అయిపోయాక నేరుగా ఆమె దగ్గరికి వెళ్లాడు.

"నాది ఎత్తుకపోయినవ్."

"అవునన్నా" అంది ఆమె తల దించుకుని. "చదవద్దంటే మల్ల చదవ."

ఎల్లక్కే ముందుకొచ్చింది. "చదువుకో బిడ్డా. ఈయినె పడుడు ఆపుతడా, నువ్వు చదువుడు ఆపనీకె?"

"చదువుకో" అన్నాడు చివరికి లింగమూర్తి. "గని గిట్ల దూరం నుంచి చూడకు. పోలీసోళ్ల లెక్క అనిపిస్తది. దగ్గరకొచ్చి చూడు."

మర్నాడు లింగమూర్తి హుషారుగా రంగు పూసుకున్నాడు. దండం కూడా మళ్లీ మొదలుపెట్టాడు. ఆమె రాలేదు. ఆ వారమంతా రాలేదు. కరీంనగర్‌లో కొత్తగా తెరిచిన బట్టల దుకాణం ముందు కూడా ఒక జోకరు ఉన్నాడని, వాడు ఏడ్చుకుంటూ నవ్విస్తాడని దశరథం చెప్పాడు.

"ఆమె గది నేర్చుకోనీకె గక్కడికి పోతున్నదంటవా?" అని అడిగాడు లింగమూర్తి.

దశరథం గ్లాసులు కడుగుతూ, తెలియదన్నాడు. లింగమూర్తి ఆ మాట నమ్మలేదు.