ఆనపపాదు ఎక్కిన ఆస్పత్రి మంచం

నేను ఒక ఇనప మంచాన్ని. ఆస్పత్రి మంచాన్ని అంటే మీరు కాస్త వెనక్కి జరిగి కూర్చుంటారని తెలుసు. జరగండి, నాకేమీ కొత్త కాదు. నన్ను చూసి ముఖం చిట్లించని మనిషిని ఇంతవరకు ఒక్కరినే చూశాను. ఆవిడనూ మొదట్లో నేను నమ్మలేదు.

నేను పుట్టింది కాకినాడలో ఒక వెల్డింగు షెడ్డులో. గొట్టాలు కోసి, అతికించి, మధ్యలో ఇనప వల బిగించి, తలవైపు పైకి లేపడానికి కాళ్ళ దగ్గర ఒక తిప్పుడు పిడి అమర్చి, తెల్లరంగు కొట్టి, సామర్లకోటలో ఒక చిన్న నర్సింగ్ హోముకి పంపారు. కిటికీ పక్కన నా చోటు. నా మీద పడుకున్నవాళ్ళకి జబ్బులు రకరకాలుగా ఉండేవి గానీ అనుమానం మాత్రం అందరికీ ఒక్కటే. డాక్టరు నవ్వితే ఏదో దాస్తున్నాడని, నవ్వకపోతే ఇక లాభం లేదని. చుట్టం కొబ్బరిబొండం పట్టుకొస్తే, ఇంత ప్రేమ ఎప్పటినుంచి అని. భార్య వరండాలోకి వెళ్ళి ఫోను మాట్లాడి వస్తే, ఎవరితో, ఏమన్నారు అని. ఏళ్ళ తరబడి ఆ అనుమానాన్ని మోసి మోసి, తుప్పు కంటే ముందు అదే నా ఇనుములోకి దిగింది.

కొందరు నా మీద నుంచి లేచి నడిచి వెళ్ళిపోయారు. వెళ్తూ ఒక్కరైనా వెనక్కి తిరిగి చూడలేదు. కొందరు లేవలేదు. అప్పుడు దుప్పటి మార్చి, ఫినాయిలు నీళ్ళతో నన్ను తుడిచి, ఆ పూటే మరొకరిని పడుకోబెట్టేవారు. "కొత్త మంచమేనండీ, భయపడకండి" అని ఆయమ్మ చెప్పేది. నేను కిర్రుమనేదాన్ని.

పిడి విరిగింది. వల కుంగింది. నన్ను మెట్ల కింద నిలబెట్టి మరిచిపోయారు. కొన్నాళ్ళకి నర్సింగ్ హోము చేతులు మారింది. కొత్త యజమానులు గోడలు కొట్టించి, పలకలు పీకించి, పాతదంతా సందు చివర ఉన్న పెద్ద చెత్తతొట్టిలో పోయించారు. పగిలిన సిమెంటు పెళ్ళలు, చివికిన పరుపులు, ఒక సింకు, వాటన్నిటి మీద అడ్డంగా నేను.

అక్కడికి వచ్చింది వీరవేణి.

ఇంట్లోనే మిషను కుట్టుకునే మనిషి. మొగుడు గంగరాజుకి సామాన్లు తోలే ఆటో ఉంది. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి తొట్టి అంచు ఎక్కి, సంతలో వంకాయలు ఏరినట్టు నా కాళ్ళు ఒక్కొక్కటే పట్టి ఊపి చూసింది. తూకానికి అమ్ముకోవడానికే కదా అనుకున్నాను. ఇంకెందుకు చూస్తారు మనుషులు?

"ఏవండీ, ఇటు రండి. దీన్ని ఆటోలో ఎక్కిద్దాం" అంది.

గంగరాజు దగ్గరికి రాలేదు. "నీకేమన్నా పిచ్చా? ఆస్పత్రి మంచమే అది. దాని మీద ఎంతమంది పోయారో ఏంటో."

"పోతే పోయారు. మిమ్మల్ని పడుకోమన్నానా దాని మీద? ఆనపపాదుకి పందిరి లేక నేల మీద పాకుతోంది. వెదురు వేస్తే చెద తినేస్తోంది."

"వీధిలో వాళ్ళు చూస్తే?"

"గోనెపట్టా కప్పండి."

ఆ పట్టా చూశాక నా అనుమానం రెట్టింపయింది. మంచి పనికి తీసుకెళ్ళేవాళ్ళు ముఖం ఎందుకు కప్పుతారు?

పట్టా తీసేసరికి వాళ్ళ దొడ్లో ఉన్నాను. చుట్టూ చూస్తే అందరూ నా బాపతే. పగిలిన హెల్మెట్టులో పుదీనా, కూలరు తొట్టిలో తోటకూర, ఫ్రిజ్జు తలుపు అరల్లో మెంతికూర. ఎవరో పారేసిన కమోడులో ముద్దబంతి విరగబూసి ఉంది. వీరవేణి కొబ్బరిపీచుతో నన్ను తోమి, ఎండలో ఆరబెట్టి, ఆకుపచ్చ రంగు వేసింది. నా కాళ్ళ కింద ఇటుకలు పేర్చి ఎత్తు చేసి, పాదు కొస తెచ్చి నా పక్క కడ్డీకి ఆనించింది. మర్నాటికల్లా ఒక సన్నని నులితీగ నన్ను చుట్టేసింది. సూది దిగేటప్పుడు రోగులు ఆ కడ్డీనే అలా గట్టిగా పట్టుకునేవారు. దీనికేం నొప్పో అని ఎదురు చూశాను. నొప్పేమీ లేదు. పైకి వెళ్ళాలి, అంతే.

కుంగిన వలలోంచి కాయలు కిందికి వేలాడాయి. వీరవేణి వీధిలో ఇంటింటికీ పంచింది. మొదటి కాయ పక్కింటి హైమావతికే వెళ్ళేది. వానలు పడి నా ఆకుపచ్చ రంగు అక్కడక్కడ పెచ్చులూడి కింద తెలుపు బయటపడింది. హైమావతి ఒకరోజు గోడ మీదుగా చాలాసేపు నన్నే చూసింది.

"వేణీ, ఆ పందిరి ఎక్కడ కొన్నారే?"

"కొనలేదక్కా. దొరికింది."

"దొరికిందా?" అంది హైమావతి. దొరికింది అన్న ఆ ఒక్క మాట సాయంత్రానికల్లా వీధి చివరిదాకా నడిచి వెళ్ళింది. మర్నాడు ఎవరెవరో పని ఉన్నట్టు వచ్చి, నా కాళ్ళ దగ్గర విరిగిన పిడి ముక్క చూసి, ఆస్పత్రి మంచమని పోల్చుకుని, పని మరిచిపోయి వెళ్ళారు.

తరవాత ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం ఆనపకాయ కూర తిని హైమావతికీ ఆవిడ భర్తకీ వాంతులు పట్టుకున్నాయి. ఆస్పత్రిలో చేర్చి సెలైన్లు ఎక్కించారు. ఇద్దరూ నీరసంగా తిరిగొచ్చేసరికి వీధి తీర్పు చెప్పేసింది. శవాల మంచం మీద కాసిన కాయ తింటే ఇంకేమవుతుంది! ముందు రోజు పంచిన కాయలు వీరవేణి గేటుకి సంచుల్లో వేలాడాయి. జాకెట్టు గుడ్డలు ఇచ్చినవాళ్ళు వచ్చి, "మళ్ళీ ఇస్తాంలే" అంటూ కత్తెర పెట్టకుండానే పట్టుకుపోయారు. మిషను చప్పుడు ఆగిపోయింది.

"పొద్దున్నే తీసుకెళ్ళి ఎక్కడిది అక్కడే పడేసొస్తాను" అన్నాడు గంగరాజు. వీరవేణి వద్దనలేదు.

పొద్దుగూకే వేళ ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. కడ్డీ మీద చెయ్యి వేసింది. వెంటనే తీసేసి, ఆ చేతిని చీర చెంగుకి తుడుచుకుంది. అంతకుముందు ఎంతమంది అలా తుడుచుకున్నా నాకేమీ అనిపించలేదు. ఆ ఒక్కసారి మాత్రం నా మీద నాకే అనుమానం వచ్చింది. ఇంతమంది చివరి చెమట తాగినదాన్ని. అదేదో నా లోపల మిగిలిపోయి, పాదులోకి ఎక్కిందా? కాదని చెప్పడానికి నా దగ్గర ఏముంది?

తెల్లారగానే గంగరాజు పాదు లాగడం మొదలుపెట్టాడు. నులితీగలు ఒక పట్టాన వదలడం లేదు. అప్పుడే చేతికర్ర పొడుచుకుంటూ హైమావతి అత్తగారు వచ్చారు. వీధంతా మామ్మగారు అని పిలిచే పెద్దావిడ.

"ఏరా గంగరాజూ, కాపు మీదున్న పాదుని పీకుతున్నావేంట్రా?"

"మీ ఇంట్లో వాళ్ళకేనండి జరిగింది! మీరే అడుగుతారేంటండి?"

"నేనూ ఆ ఇంట్లోదాన్నే. నాకేమయ్యింది? ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాను, కటిక చేదు. ఉమ్మేశాను. మా కోడలికి చెప్పాను. 'బెల్లం వేశాను కదా అత్తయ్యా, తెలీదులెండి' అంది. చేదు ఆనపకాయ విషంతో సమానంరా. పారెయ్యాలి గానీ, బెల్లం వేసి దించుతారా ఎక్కడైనా?"

గోడ అవతల హైమావతి తల కనిపించింది. ముఖం ఎర్రబడింది. "అంత లేత కాయ! పారెయ్యడానికి చేతులు రాలేదు" అంది మెల్లగా.

వీరవేణి తలెత్తి ఆవిడ వంక చూసింది. పారేసినవి ఏరుకోవడానికి చెత్తతొట్టి ఎక్కి దిగే మనిషి ఆ మాటకి ఏమని కోప్పడగలదు?

గంగరాజు మాత్రం తీగ వదల్లేదు. "మరి చేదెందుకొచ్చిందండి? ఇన్నాళ్ళూ లేంది?"

"మట్టి చూడు, ఎలా బీటలిచ్చిందో. ఇంత ఎండలో నీళ్ళు అందకపోతే కొన్ని కాయలు అలాగే చేదెక్కుతాయి. మా పుట్టింట్లో కొన చెక్కి నాలిక మీద పెట్టుకోకుండా కత్తిపీట ముందు కూర్చునేవాళ్ళం కాదు."

పెళ్ళిళ్ళ బట్టలు కుట్టే హడావుడిలో వీరవేణి కాయలు కోసుకెళ్ళింది గానీ పాదుకి నీళ్ళు పొయ్యలేదు, అది నాకు తెలుసు. ఇప్పుడు తనకూ గుర్తొచ్చింది కాబోలు, గబగబా కత్తి తెచ్చింది. పాదు మీదున్న కాయలన్నీ కోసింది. ఒక్కొక్కదాని కొన చెక్కి నాలికకి తాకించింది. కొన్నింటికి ముఖం వికారంగా పెట్టి ఉమ్మేసి గోతిలో పారేసింది. మంచివి పక్కన పెట్టింది. తరవాత బిందెతో నీళ్ళు తెచ్చి పాదు మొదట్లో పోసి, లాగేసిన తీగల్ని మళ్ళీ నా కడ్డీలకి చుట్టింది. ఈసారి చేతులు తుడుచుకోలేదు. రోగి లేచి నడిచి వెళ్ళినప్పుడు కూడా నేను అంత తేలిక పడలేదు.

వీధి ఒక్కరోజులో మారిపోయిందని చెబితే మీరు నమ్మకండి. జాకెట్టు గుడ్డలు ఒకటొకటిగా తిరిగొచ్చాయి. కొన్ని రానేలేదు. పాలు పోసే ఆయన ఇప్పటికీ నావైపు చూడకుండా పోతాడు. నేనూ ఆయన పాలని నమ్మను.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం హైమావతి గేటు దగ్గర నిలబడింది. లోపలికి రావాలా వద్దా అన్నట్టు చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కుంది.

"ఇంట్లో కూరకి ఏమీ లేదే, వేణీ."

వీరవేణి లేత కాయ ఒకటి తెంపి, కొన చెక్కి, ఆ పలుచని ముక్కని రెండు చేసింది. ఒకటి తన నోట్లో వేసుకుని, రెండోది ఆవిడకి అందించింది. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఇద్దరూ నమిలారు. వాళ్ళిద్దరినీ నేను చూస్తున్నాను. ముందు ఎవరు ఉమ్ముతారా అని.

ఎవరూ ఉమ్మలేదు.

"బాగుంది" అంది హైమావతి. "మా ఆయనకి మాత్రం ఎక్కడిదో చెప్పనులే."

కాయని పమిట కింద దాచుకుని, వీధిలో అటూ ఇటూ చూసి, గోడవారగా గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయింది.