యాభై నిమిషాల దూరం

...ఈ బెల్టు ఇంత బిగించాలా, విమానం కంటే ముందు నా ప్రాణం ఎగిరిపోతుందని కాబోలు, అక్క మాత్రం నల్లద్దాలు పెట్టుకుని నిమ్మళంగా కూర్చుంది, కంటి ఆపరేషనుకని మా ఇంటికొచ్చి నెలైంది, స్నానాలగదికి వెళ్ళాలన్నా నా భుజం కావాలి, వాళ్ళబ్బాయి నాకూ టికెట్టు కొన్నది అందుకే, నువ్వు తోడుంటే నాకు బెంగ ఉండదు పిన్నీ, అన్నాడు, వాడి బెంగ తీర్చడానికి ఈ వయసులో మొదటిసారి విమానమెక్కాను, రెక్కలకు పంకాలున్న చిన్న విమానం, మైకు పట్టుకున్న విమానం అమ్మాయి ఏదో చెబుతోంది, ఇరవై ఏళ్ళుగా ఈ రెండు ఊళ్ళ మధ్య మాతో ప్రయాణిస్తున్నందుకు ధన్యవాదాలు, దూరం మూడొందల కిలోమీటర్లు, ప్రయాణం యాభై నిమిషాలు, యాభై ఏమిటి, మూడు బస్సులు మారి కొండలు చుట్టి వెళ్తే ఒక పగలూ ఒక రాత్రీ, తప్పు విన్నానేమోనని పక్కాయన్ని అడిగితే, అవునమ్మా, కాఫీ చల్లారేలోపు దిగిపోతాం, అని నవ్వాడు, ఇరవై ఏళ్ళుగానా, అంటే, అప్పట్నుంచీ పొద్దునా సాయంత్రమూ ఉంది, అన్నాడు, అమ్మ పోయి పన్నెండేళ్ళు.

ఆ పొద్దున ఫోన్లో అక్క గొంతు, ఇప్పుడు బయల్దేరినా రేపటికి గానీ చేరవే, అంతసేపు ఎలా ఉంచుతాం, ఏడవకు, మేం సాగనంపేస్తాంలే, సంచి సర్దుకున్నదాన్ని సర్దుకున్నట్టే గడపలో కూలబడ్డాను, దూరాన్ని తిట్టాను, కొండల్ని తిట్టాను, నన్నంత దూరం ఇచ్చిన నాన్ననీ వదల్లేదు, పొట్లాల కాయితాల మీద అక్షరాలు నేర్చుకుని కనబడ్డదల్లా చదివేదాన్ని, ఈ ఒక్క సంగతి ఏ కాయితమూ చెప్పలేదు, అక్కా, అప్పుడు ఈ విమానం ఉందటగా, అన్నాను, ఎప్పుడే, అంది, అమ్మ పోయినప్పుడు, అద్దాల వెనక కళ్ళు కనబడవు, పెదవి మాత్రం కదిలింది, అప్పుడే ఆ అమ్మాయి వచ్చి, ముందువైపు బరువెక్కువైందండీ, ఎవరైనా ఒకరు వెనక వరుసకి వెళ్ళాలి, అంటే అందరూ బొజ్జలు లోపలికి పీల్చుకుని కిటికీల్లోకి చూశారు, నేనెళ్తానమ్మా, అంది అక్క, అయ్యో, మీరెందుకు పెద్దమ్మగారూ, అంటున్నా వినదు, ఆగవే, నీకు కళ్ళు, అని నేను చెయ్యి చాచేలోపు, నాకేం కాదు, నువ్వు కూర్చో, అంటూ ఎవరి భుజమూ అడక్కుండా చకచకా నడిచి వెళ్ళిపోయింది.

విమానం లేచింది, వాళ్ళబ్బాయి ఓసారి మాటవరసకి అన్నాడు, చివరి వారమంతా అమ్మమ్మ నిన్నే కలవరించింది పిన్నీ, ముద్దలు కలిపి పెట్టేది మా అమ్మ, పిలిచేది నిన్ను, అని నవ్వితే నేనూ పిచ్చిదానిలా నవ్వాను, చాకిరీ ఆవిడది, పిలుపు నాది, ఆ పిలుపు నాకు చేరనివ్వలేదు, పైగా పన్నెండేళ్ళుగా దూరమే పాపిష్టిదని నన్ను ఓదార్చింది, వెనక్కి తిరిగి చూస్తే తల వాల్చి నిద్రపోతోంది, పక్క మీద కూడా పగలు కునుకు తియ్యని మనిషి ఆ చేతిసంచిని అంత గట్టిగా పిసుకుతూ నిద్రేమిటి, నిద్రపోయేవాళ్ళను లేపొచ్చు గానీ నటించేవాళ్ళను ఎవరు లేపుతారు, కింద నేను తిట్టిపోసిన కొండలు, పాపం, అరచేతిలో పట్టేంత ఉన్నాయి, దిగబోతున్నామని మైకు చెబుతోంది, ఇందాకే పక్కాయనకిచ్చిన కాఫీ మీద ఇంకా ఆవిరి పోలేదు, నేను చేరలేనని కాదు, చేరతానని తెలిసే అక్క ఆ మాట చెప్పింది.