పదికి ఎంత?

ఆస్పత్రి రెండో అంతస్తులో ఎక్స్‌రే గదికి ఆనుకుని ఒక గది ఉంది. దారి తప్పినవాళ్ళందరూ తలుపు తోసి "రక్తం తీసేది ఇక్కడేనా?" అని అడిగేది అక్కడే. ఆ గదిలో కూర్చునే పెద్దమనిషికి రెండు పేర్లు. ఒకటి తలుపు మీద ఉంది. దాని వెనకాల డిగ్రీలు బారులు తీరి ఉంటాయి కాబట్టి ఎవరూ చివరిదాకా చదవరు. రెండోది జూనియర్లు పెట్టింది, పదికెంత గారు. ఈ రెండో పేరు ఆయన చెవిన పడలేదని జూనియర్ల నమ్మకం. ఎప్పుడో పడింది. పడ్డాక ఆయనకు లోలోపల ముచ్చటేసింది కూడా, అదీ ఆయన రోగం.

పేరు ఊరికే రాలేదు. షుగరు, ఆయాసం, కీళ్ళవాతం లాంటి ఏళ్ళ తరబడి వదలని జబ్బులు మనిషి మనసుని ఏం చేస్తాయి? పిల్లల్లో ఎలా, నడివయసులో ఎలా, ముసలితనంలో ఎలా? ఇదీ ఆయన పరిశోధన. దానికి ఆయన తయారుచేసుకున్న అసలు ఆయుధం ఒకే ఒక ప్రశ్న. "మీ బాధ పదికి ఎంత?" నాలుగూ ఆపైన చెప్పినవాళ్ళని పక్కగదిలోకి తీసుకెళ్ళి ఇంకో గంట ప్రశ్నలు అడుగుతారు, ఆ తర్వాత కౌన్సెలరు ముందు కూర్చోబెడతారు. మూడూ ఆలోపు అన్నవాళ్ళని ఇంకో రెండు చిన్న ప్రశ్నలడిగి, దణ్ణం పెట్టి ఇంటికి పంపేస్తారు. అడిగేవాళ్ళ ముఖంలో ఏ మార్పూ కనిపించకూడదు, జవాబు వినగానే తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోవాలి. ఈ రెండు నియమాలూ ఆయనే రాశాడు, జూనియర్లకి చిలక్కి చెప్పినట్టు నేర్పాడు.

పిల్లలతో ఆయనకి తల ప్రాణం తోకకొచ్చేది. వాళ్ళకి సున్నా తెలుసు, పది తెలుసు, మధ్యలో ఏమీ లేదు. ఆయాసం ఉన్న ఒక చిన్నపిల్ల అయితే "ఇవాళ్టికా, నిన్నటికా? నిన్న నన్ను పరుగు పందెంలో పరిగెత్తనివ్వలేదు, నిన్నటికైతే వంద" అంది. ముసలివాళ్ళు అసలు అంకె చెప్పరు. "ఎంతంటే ఏం చెప్పను నాయనా, మా తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ..." అని మొదలుపెట్టి, ఆ తమ్ముడి పెళ్ళిదాకా వెనక్కి వెళ్ళి, మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా తిరిగి రారు.

కానీ నలభైకీ అరవైకీ మధ్యవాళ్ళున్నారే, వాళ్ళు బంగారం. వచ్చి కూర్చుంటారు, అడగ్గానే "మూడు" అంటారు, సంచీ భుజానేసుకుని వెళ్ళిపోతారు. గుమాస్తా మూడు, నర్సు మూడు, ముగ్గురు పిల్లల తల్లి మూడు, రెండు కిడ్నీలూ దెబ్బతిన్న బస్సు కండక్టరు కూడా మూడే. పదికెంత గారు ఆ మూడుని ప్రేమించాడు. దానికి 'నడివయసు నిబ్బరం' అని పేరు పెట్టాడు. జీవితం మధ్యకొచ్చేసరికి మనిషి బాధతో రాజీ పడతాడనీ, మనసు గట్టిపడుతుందనీ వ్యాసం రాశాడు, సభల్లో ఉపన్యాసాలు దంచాడు. ఉపన్యాసం చివర్లో, "నాకు బాగా తెలిసిన ఒకావిడ ఉన్నారు. ఎనిమిదేళ్ళుగా కీళ్ళవాతం. ఎప్పుడడిగినా మూడే," అని కాసేపు ఆగేవాడు. ఆ ఆగడం చప్పట్ల కోసం.

ఆ ఒకావిడ ఆయన భార్య. బడిలో లెక్కలు చెబుతుంది. జబ్బు వచ్చిన కొత్తలో నొప్పి అన్నప్పుడల్లా ఈయన పేపరు మడిచి, కళ్ళజోడు సవరించుకుని, ఆస్పత్రి గొంతుతో "పదికి ఎంత?" అనేవాడు. ఆవిడ ఆరనో ఏడనో అంటే, నొప్పిని మనసు ఎలా పెంచి చూపిస్తుందో పాఠం చెప్పి ఊపిరి పీల్చి వదిలే వ్యాయామం చేయించేవాడు. ఏడాది తిరిగేసరికి ఆవిడ మూడుకి దిగింది. తర్వాత నొప్పి అనే మాటే మానేసింది. ఇంట్లో తన పద్ధతి సాధించిన ఈ ఘనవిజయం తలచుకుని ఆయన చాలాసార్లు కాలరెగరేశాడు.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. పరిశోధనలో ఆరోగ్యవంతుల జట్టు దగ్గర కొంప మునిగింది.

జబ్బున్నవాళ్ళని ఎవరితోనైనా పోల్చాలి కదా, ప్రతి వయసులోనూ ఏ జబ్బూ లేనివాళ్ళు కొందరు కావాలి. పిల్లలు దొరికారు, కుర్రాళ్ళు దొరికారు. నడివయసులో మాత్రం ఒక్క ఆరోగ్యవంతుడు దొరికితే ఒట్టు. లెక్కల విభాగం ఆఫీసరుకి బీపీ. లిఫ్టు నడిపేవాడికి కొలెస్ట్రాల్. తోటకి నీళ్ళు పెట్టే ఆయన రాయిలా ఉంటాడని ఆశపడి తీసుకొస్తే, ఆయనకి థైరాయిడ్ బయటపడి అందరికన్నా ఎక్కువగా ఆయనే ఆశ్చర్యపోయాడు.

"ఇంకెవరున్నారు సార్?" అంది జూనియరమ్మాయి నీరసంగా.

"నేను లేనూ?" అన్నాడు పదికెంత గారు.

ఆ మాట అన్నప్పుడు ఆయన ఛాతీ నిజంగానే ఒక అంగుళం ముందుకొచ్చింది. రోజూ పొద్దున్నే నడుస్తాడు. ఎవరి పుట్టినరోజుకి కేకు కోసినా, తన ముక్క తీసి పక్కనపెట్టి, తింటున్నవాళ్ళ వంక జాలిగా చూస్తాడు. ఆయన్ని పుట్టినరోజులకి పిలవడం తగ్గించడానికి కారణం అదేనని ఎవరూ చెప్పలేదు. దర్జాగా చొక్కా చెయ్యి మడిచి రక్తం ఇచ్చాడు, సూది గుచ్చుతుంటే ల్యాబ్ అబ్బాయితో జోకులు కూడా వేశాడు.

మధ్యాహ్నం ఆ అబ్బాయే పైకొచ్చాడు. "సార్, మళ్ళీ ఒకసారి తీస్తాను," అన్నాడు.

"ఎందుకు, సీసాలు మారిపోయాయా?"

"అదే అయ్యుంటుంది సార్," అన్నాడు పాపం, కళ్ళు దించుకుని.

సీసాలు మారలేదు. మూడు నెలల సగటు తీసి చూసినా షుగరు అంతే ఉంది, అదీ కాస్తో కూస్తో కాదు. ఆయనకి గుండె జారి కాళ్ళలోకి వచ్చినట్టయింది. కాళ్ళు అనుకోగానే పెదనాన్న గుర్తొచ్చాడు. చిన్నప్పుడు తనని భుజాలమీద ఎక్కించుకుని తిప్పిన పెదనాన్న. షుగరుతో ముందు బొటనవేలు తీసేశారు, తర్వాత పాదం, ఆ తర్వాత ఆయన మంచం దిగలేదు. పదికెంత గారు బల్లకింద చెప్పులోంచి కుడి పాదం తీసి, వేళ్ళు ఒకసారి కదిపి చూసుకున్నాడు. కదిలాయి. శభాష్, మొనగాడా, అనుకున్నాడు.

ఆయన రాసిన నియమాల్లో ఇంకొకటుంది. జబ్బు కొత్తగా బయటపడ్డవాళ్ళని ఆరోజే, ఇంటికి వెళ్ళకముందే అడగాలి. జూనియరమ్మాయి గుమ్మంలో నిలబడి నసిగింది. "ప్రశ్న రాసింది మీరే కాబట్టి మీ జవాబు ఎలాగూ లెక్కలోకి రాదు సార్. వదిలేద్దామా?"

"లెక్కలోకి రాకపోతేనేం, రూలు రూలే. పద," అన్నాడాయన. ధైర్యంగా కనిపించడానికి అంతకంటే మంచి అవకాశం దొరకదు మరి.

ప్రశ్నల గదిలో రోగి కుర్చీ పొట్టిగా ఉండాలని, అలా ఉంటే మనిషి కుదురుగా కూర్చుంటాడని చెప్పి కొనిపించింది ఆయనే. అందులో కూర్చోవడం ఇదే మొదటిసారి. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ఎదురుగా జూనియరమ్మాయి ముఖాన్ని గోడలా చేసుకుని కూర్చుంది. ఇంత బాగా ఎవరు నేర్పార్రా ఈ పిల్లకి అనుకున్నాడు. తర్వాత గుర్తొచ్చింది.

"ఈ జబ్బు వల్ల మీ బాధ పదికి ఎంత?"

"మూడు," అన్నాడు.

వెంటనే అన్నాడు. ఆలోచించలేదు, తడుముకోలేదు. ఆ పిల్ల మూడు వేసుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. నిద్ర సరిగ్గా పడుతోందా అని అడుగుతోంది. ఈయనకి వినపడటం లేదు. కళ్ళముందు పెదనాన్న కాలి కట్టు. ఒక్కసారి ఆగవే తల్లీ, 'నిజంగానా సార్?' అని ఒక్కమాట అడగవే అని లోపల మొత్తుకుంటున్నాడు. ఆ పిల్ల ఎలా అడుగుతుంది? మూడంటే అడగకూడదు. చివర్లో ధన్యవాదాలు చెప్పి, తలుపు తీసి పట్టుకుంది.

బయటికొచ్చి వరండా బెంచీ మీద కూలబడ్డాడు. మూడని ఎందుకన్నాను? నాలుగంటే పక్కగది. పక్కగదిలో పెదనాన్న గురించి చెప్పాలి, చెబితే ఏడుపొస్తుంది, పొద్దున ఛాతీ విరుచుకున్నవాడు మధ్యాహ్నం జూనియర్ల ముందు ఏడవాలి. మూడంటే ఏ గొడవా లేదు. బాధ ఉందని ఒప్పుకున్నట్టూ ఉంటుంది, ఎవరూ దగ్గరికి రాకుండానూ ఉంటుంది. ఇంటికెళ్ళి పిల్లలకి వండాల్సినవాళ్ళకి, డ్యూటీ ఎక్కాల్సినవాళ్ళకి, చెప్పుకుంటే కూలిపోతామని భయపడేవాళ్ళకి ఇంతకంటే అనువైన అంకె ఇంకోటి లేదు. నిబ్బరమట! సభలో చప్పట్లు కూడా కొట్టించుకున్నాను, అనుకుని ఆయన గట్టిగా నవ్వాడు. బెంచీ అవతలి కొసన కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడి, "రక్తం తీసేది ఎక్కడ బాబూ?" అని అడిగాడు. పదికెంత గారు చెయ్యి చాపి దారి చూపించాడు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండగా భార్య గుర్తొచ్చింది.

ఆవిడది కూడా మూడే.

నవ్వు ఆగిపోయింది. ఇంటికెళ్ళి ఆవిడకి చెప్పుకోవాలని, ఆవిడ పక్కన కూర్చుని భయంగా ఉందని ఒక్కసారి అనాలని అప్పటిదాకా ఆయన మనసు కొట్టుకుంటోంది. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? ఇంట్లో ఆ తలుపు మూసింది ఎవరు? జబ్బు వస్తే చెప్పుకోవడానికి ఉన్న ఒకే ఒక మనిషి నోరు తనే మూయించాడు.

సాయంకాలం ఆయన వెళ్ళేసరికి ఆవిడ భోజనాల బల్లమీద పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్రకలం చుట్టూ గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆ పీలికని ఆయన చాలాకాలంగా చూస్తున్నాడు, బడిపిల్లలెవరో ముచ్చటపడి కట్టి ఉంటారనుకునేవాడు. సన్నటి కలం పట్టుకోవడానికి ఆవిడ వేళ్ళు వంగవని ఇవాళ అర్థమైంది.

"తొందరగా వచ్చారే?"

"షుగరొచ్చింది."

"ఎవరికి?"

"నాకే."

ఆవిడ నవ్వుతుందనుకున్నాడు, నవ్వితే బాగుండుననీ అనుకున్నాడు. ఆవిడ కలం కింద పెట్టి, ఆయన ముఖంలోకి చూసింది. "మీ పెదనాన్నగారు గుర్తొచ్చారా?" అంది.

పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి చెప్పాడేమో ఆ సంగతి. ఆయన కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. భయంగా ఉంది అన్నాడు. కాళ్ళు, కట్లు, ఆ మందు వాసన, పెదనాన్న దుప్పటి కప్పుకుని నవ్విన నవ్వు అన్నీ చెప్పాడు. ఆవిడ పాఠం చెప్పలేదు, ఊపిరి పీల్చమనలేదు. ఊఁ అంటూ వింది. మధ్యలో లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది, గ్లాసుని రెండు అరచేతులతో పట్టుకుని.

"నీది మూడు కాదు కదా?" అన్నాడు గ్లాసు అందుకుంటూ.

"మూడంటే మీరు ఊరుకుంటారు."

"మరి అసలు ఎంత?" అనేసి నాలిక్కరుచుకున్నాడు.

"మళ్ళీనా?" అంది ఆవిడ.

"లేదు లేదు. అంకె వద్దు. ఎలా ఉంటుందో చెప్పు. మొదట్నుంచీ చెప్పు."

"ఇవాళ మీ వంతు. నాది మొదలుపెడితే ఎనిమిదేళ్ళది, పేపర్లు దిద్దుతూ చెప్పేది కాదు. రేపు సెలవు పెట్టండి, నేనూ పెడతాను."

పదికెంత గారు అప్పటికప్పుడు ఫోన్ తీసి జూనియరమ్మాయికి చెప్పాడు, రేపు రావట్లేదని. ఒంట్లో బాలేదా సార్ అని ఆ పిల్ల కంగారుపడింది. నడివయసు గురించిన వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామనీ, ఎవరైనా అడిగితే మా సార్ పప్పులో కాలేశారని చెప్పమనీ చెప్పాడు.

మర్నాడు పొద్దున పనులయ్యాక ఇద్దరూ అదే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. ఆవిడ రెండు చేతులూ బల్లమీద పరిచింది.

"ముందు ఏ వేలు పట్టేసిందో తెలుసా మీకు?"

ఆయన పరీక్షలో చదవని ప్రశ్న వచ్చినవాడిలా ఆ చేతుల వంక చూశాడు. సుద్దముక్క పట్టుకునే వేలే అయ్యుంటుందని తెలివిగా ఊహించి కుడి చూపుడువేలు చూపించాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఎడమచెయ్యి. ఉంగరం వేలు. రాత్రికి రాత్రి వాచిపోయింది, ఉంగరం బిగిసిపోయి వేలు నల్లబడింది. సబ్బునీళ్ళ గిన్నెలో చెయ్యి పెట్టుకుని పొద్దుటంతా వంటింట్లో కింద కూర్చున్నాను. మీరు ముందుగదిలో ఏదో ఉపన్యాసం గట్టిగా చదువుకుంటున్నారు."

ఆయన ఆ వేలి వంక చూశాడు. ఉంగరం లేదు. ఎప్పట్నుంచి లేదో ఆయనకు తెలియదు.

"నన్ను పిలవాల్సింది," అన్నాడు.

"పిలిచాను," అంది ఆవిడ.