బండ మీద గీతలు

రాయి ఒళ్ళు చూసి అది ఎలా వచ్చిందో చెప్పవచ్చు. మంచునది ఈడ్చుకొచ్చిన బండకు చదునైన చెంపలుంటాయి, వాటి మీద తలో దిక్కుకూ గీతలుంటాయి. ఏట్లో దొర్లిన రాయి గుండ్రంగా నునుపు తేలుతుంది. కాలేజీలో భూగర్భశాస్త్రం చదివే నవనీతకు ఇదంతా కంఠతా వచ్చు. కానీ ఆశ పుట్టిందంటే చదువు అటకెక్కుతుంది.

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం దగ్గర వాళ్ళ వాడలో, ఇంటి ముందున్న బట్టలుతికే బండను నల్లా పైపు కోసం మొన్న తిరగేశారు. అడుగున గీతలు! ఫోటో చూసి లెక్చరర్ చంద్రమౌళి గంతేసినంత పని చేశాడు. రాళ్ళు తెచ్చి చూపించిన విద్యార్థుల్లో ఒక్కరినే హిమాలయాల్లో మంచునది చూడడానికి పంపుతారట. ఆ సీటు నవనీతదేనన్నాడు.

నవనీత బండను గోనెసంచిలో చుట్టాక, కూలి నుంచి వచ్చిన తల్లి రాధమ్మ చెయ్యి వేసింది. ఆటోలో కోరుట్ల మీదుగా జగిత్యాల కాలేజీకి తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎంపిక చేయడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన మేడం పక్క బల్ల దగ్గర సిరిసిల్ల సుజాత తెచ్చిన రాళ్ళు చూస్తోంది. తర్వాతి వంతు నవనీతదే.

గోనె విప్పి బండను తుడుస్తున్న రాధమ్మ చెయ్యి ఆగిపోయింది.

"అవ్వో! గిది మీ నాయనమ్మ కొడవండ్లు నూరిన రాయి కదనే. గీ గీతల కోసమా గింత దూరం తెచ్చినవ్?"

నవనీత వంగి చూసింది. గీతలన్నీ ఒకే వైపు, అదీ అరిగిన గుంటలో. మిగతా రాయంతా గుమ్మడికాయలా గుండ్రం. మొన్నటి నుంచీ కనిపించక కాదు, చూడబుద్ధి కాక చూడలేదు. సిగ్గుతో తల్లి వైపు తిరిగింది.

"మెల్లగ మాట్లాడవ్వా."

"నేనేం జెప్ప. నీ ఇష్టం బిడ్డా."

నోరు మూసుకుంటే సీటు దక్కుతుంది. మేడం రానే వచ్చింది.

"ఇదేనా మన మంచు బండ?"

"చెప్పు బిడ్డా," అన్నాడు చంద్రమౌళి ఉబ్బిపోతూ.

నవనీత అరిగిన గుంట మీద వేలు పెట్టింది. "కాదు మేడం. గివి కొడవలి గీతలు. రాయేమో ఏట్ల దొర్లిన రాయి. నేనే తప్పు చూసిన."

చంద్రమౌళి ముఖం మాడిపోయింది. మేడం కాగితం మీద ఏదో కొట్టేసింది. సీటు పోయిందని అర్థమై నవనీత గోనెసంచి అందుకుంది.

"మీ ఇంటి దగ్గర ఏరుందా?" అని అడిగింది మేడం.

"లేదు మేడం. గోదారే ఉంది. ఆరు కిలోమీటర్లు."

"మరి ఇంత బండ మీ ఇంటికెలా వచ్చింది?"

నవనీత తల్లి వైపు చూసింది. గోడ పక్కకు జరిగి నిలబడ్డ రాధమ్మ జవాబిచ్చింది.

"మా అత్త మల్లవ్వ గోదారి కాడి నుంచి నెత్తిన పెట్టుకొని తెచ్చింది మేడం. ఊరోళ్ళు కొడవండ్లు నూరే రాయిని మమ్ముల ముట్టనియ్యకపోదురు."

మేడం కాగితాన్ని నవనీత వైపు తిప్పింది. 'రాయిని తెచ్చినది' అన్న చోట మంచు, నీరు, గాలి అని మూడు గడులున్నాయి.

"నువ్వే నింపు," అని పెన్ను ఇచ్చింది.

నవనీత నీటి గడిలో టిక్కు పెట్టి, పక్కన రాసింది: 'గోదారి ఒడ్డు దాకా. అక్కడి నుంచి మా నాయనమ్మ మల్లవ్వ.'