నవ్వే మొహం మీద వేలు

నిన్న అయిదేళ్ళ పెర్సిస్‌కు కడుపు కోసి, పగిలిన అపెండిక్స్ తీశారు. ఫరీదాబాద్‌లో ఓ ఆసుపత్రి, పిల్లల వార్డు. పొద్దుటి నుంచీ పిల్ల కదలదు, మెదలదు. మోకాళ్ళు ముడుచుకుని, దుప్పటి అంచు పిడికిట బిగించి, ఊపిరి పైపైనే తీస్తోంది. దగ్గొస్తే మింగేస్తోంది. పక్కన స్టూలు మీద తండ్రి పౌలురాజు.

నర్సు షెరిన్ వచ్చింది. ఏలూరు పిల్ల. చేతిలో అట్టముక్క, దాని మీద ఆరు మొహాలు. నొప్పి లేదంటే సున్నా అంకెతో నవ్వే మొహం మొదలు, భరించలేనంటే పది అంకెతో భోరుమనే మొహం దాకా.

"పెర్సిస్ రాణీ, నొప్పి ఎలా ఉందో వేలు పెట్టి చూపించమ్మా."

పిల్ల నవ్వే మొహం మీద వేలు పెట్టింది.

"అచ్ఛా, సున్నా," అని రాసుకుంది షెరిన్.

"సున్నా ఏంటమ్మా! దాని వాలకం చూడవా? నొప్పి మందు వెయ్యి."

"పాపే లేదంటోంది కదా అన్నయ్యా. నాలుగు దాటితేనే ఆ మందు ఇమ్మని డాక్టర్ గారు రాశారు. ముప్పై మంచాలకి నేనొక్కదాన్ని, ఏం చెయ్యను?"

తప్పు నర్సు ఒక్కదానిదే కాదని పౌలురాజుకు తెలుసు. ఆపరేషన్‌కు ముందు చర్చి సంఘపెద్ద నథానియేలు వచ్చి, పిల్ల తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు. "స్వస్థత అయిపోయిందని నమ్మాలి. ఇక నొప్పి అన్న మాట నోట రాకూడదు. వస్తే అవిశ్వాసమే," అన్నాడు. చెప్పేవాడికేం, కోత వాడి కడుపులో లేదు. కానీ 'నాకు బాగైపోయింది' అని పిల్ల చేత మూడుసార్లు అనిపించింది పౌలురాజే. అనిపించి మురిసిపోయాడు కూడా.

"తల్లీ, నొప్పైతే నొప్పని చెప్పు. దేవుడేమీ అనుకోడు," అన్నాడు పిల్ల చెవి దగ్గరకు వంగి, గుసగుసగా.

"అమ్మో! అలా అంటే బాగైంది పోద్ది. మళ్ళీ కోస్తారు."

"ఎవరన్నారే?"

"నువ్వే. నమ్మకపోతే జబ్బు తిరిగొస్తదన్నావ్."

పౌలురాజు ఆ చిన్న వేలు పట్టి, భోరుమనే మొహం మీదకు జరిపాడు. పిల్ల విదిలించుకుంది. ఆ విసురుకే మొహం తెల్లగా పాలిపోయింది.

"చెయ్యి పట్టి చూపిస్తే ఎలా అన్నయ్యా? పాప బెదిరిపోతోంది. గంటకి మళ్ళీ వస్తాలే." షెరిన్ పక్క మంచానికి వెళ్ళింది. అక్కడి పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. దానికి వెంటనే మందు ఎక్కించింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగడమే పాపమని బిడ్డకు నేర్పిన తండ్రిని ఏమంటారో.

పెర్సిస్ కళ్ళు ఎర్రబడ్డాయి. నీళ్ళు మాత్రం రానివ్వలేదు.

"నాన్నా, బాగా చెప్పానా?"

కాదంటే, మళ్ళీ కత్తి వస్తుందన్న భయంతోనే ఆ పిల్ల ప్రాణం పోతుంది.

"బాగా చెప్పావమ్మా," అన్నాడు.

గంట తర్వాత మళ్ళీ అదే చెప్పడానికి, పిల్ల ఇప్పటి నుంచే పెదవి పంటికింద నొక్కిపట్టింది.